పక్క పొలంలో ఇంజను

మిరప కల్లంలో అందరూ దగ్గుతారు. కాయ తిరగేసినప్పుడు లేచే ఘాటుకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తుతారు. పాతవాళ్ళు దగ్గుతూనే పని చేసుకుంటారు. ఇరవై మంది ఆడవాళ్ళు దగ్గుతుంటే అందులో ఒకామె దగ్గు వేరుగా ఉందని కనిపెట్టడం కష్టం. నేను కనిపెట్టలేదు. సాకు చెప్పడం లేదు. సాకులు చెప్పుకునే వయసు దాటిపోయింది.

నల్లతామర పురుగు వచ్చి మా చుట్టుపక్కల తోటలన్నీ ఎండబెట్టి పోయిన మరుసటి ఏడు సంగతి ఇది. భయపడి ఊళ్ళో సగం మంది మిరప మానేసి శనగ చల్లారు. నేను రెండెకరాలు తేజ రకం పెట్టాను. నా మొండితనానికి ఆ ఏడు దేవుడు మెచ్చాడో, లేక తర్వాత లాక్కునేదానికి ముందుగా ఇచ్చాడో, కాపు విరగకాసింది. మాఘమాసంలో మొదటి కోత దించేసరికి మా కల్లం గుంటూరు రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా ఎర్రగా కనపడేదంట.

ఇంట్లో మేమిద్దరమే. నేనూ, కోటిరత్నం. పిల్లలు మాకు నిలవలేదు. రెండుసార్లు కడుపొచ్చి, రెండుసార్లూ ఐదో నెల దాటలేదు. అప్పుడు కూడా ఆవిడకి బాగా ఆయాసం వచ్చేదని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. ఇప్పుడు చాలా గుర్తొస్తున్నాయి.

కోతలు మొదలైన దగ్గర్నుంచి ఉగాది దాకా కల్లమే మాకు ఇల్లు. తాటాకు పాక, నులక మంచం, మూడు రాళ్ళ పొయ్యి, నీళ్ళ కుండ. ఇంట్లో కంటే అక్కడే ఆవిడ ఎక్కువ నవ్వేది. పొద్దున్నే నా పాత చొక్కాల్లోంచి నీలం గళ్ళది తీసి చీర మీద తొడుక్కునేది. చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుంటే కళ్ళు తప్ప ఏమీ కనపడేవి కావు. ఘాటుకి భయపడి కల్లంలో ఆడవాళ్ళందరూ అట్లాగే తయారవుతారు. దూరం నుంచి చూస్తే రైతు భార్య ఎవరో కూలికొచ్చిన మనిషి ఎవరో తెలియదు. మధ్యాహ్నం అయ్యేసరికి కుప్పలోంచి నాలుగు పండుకాయలు ఏరి, చింతపండు పెట్టి రోట్లో నూరేది. వేడన్నంలో అది కలిపి మొదటి ముద్ద నా చేతిలో పెట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయో లేదోనని చూసేది. తిరిగేవి. ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆవిడ పుట్టిల్లు వేటపాలెం. పెళ్ళికి ముందు అక్కడ జీడిపప్పు కొట్టే షెడ్డులో పనిచేసేది. పెళ్ళి పీటల మీద ఆవిడ చెయ్యి పట్టుకున్నప్పుడు వేళ్ళు జీడి రసానికి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. మా అమ్మ అది చూసి మొహం ముడుచుకుంది. నాకు మాత్రం ఆ వేళ్ళు నచ్చాయి. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

నేను మా ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. నాకున్న విద్య అంతా కల్లంలోనే ఉంది. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తే ఎంత ఆరిందో చెప్పగలను. పచ్చి ఉన్న కాయలో గింజ తొక్కకి అంటుకుని మూగగా ఉంటుంది. ఆరేకొద్దీ గలగలమంటుంది. గుంటూరు మిర్చి యార్డులో తేమ చూసే మిషను కూడా నా మాటకి పెద్దగా తేడా చెప్పదు. నేను కాయ ఆడించినప్పుడల్లా కోటిరత్నం ఒకటే మాట అనేది.

"నా మాట వినపడదు గానీ, కాయ మాట వినపడుద్ది నీకు."

రెండో కోతప్పుడు గుంటూరులో ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు జీపులో వచ్చారు. పెద్ద డాక్టరమ్మ పేరు గీతాంజలి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. జీపు దిగకముందే ఏడెనిమిది తుమ్ములు తుమ్మింది. మనకి దీనితో పని లేదనుకున్నాను. కానీ మనిషి మంచిదే. కాయ పరిచిన పట్టా బయటే చెప్పులు విడిచి వచ్చింది. గుండె చప్పుళ్ళ మీద పరిశోధన చేస్తున్నామనీ, చప్పుడు విని జబ్బు పసిగట్టే మిషను తయారుచేస్తున్నామనీ చెప్పింది. ఆస్పత్రి గదిలో ఫ్యాను కూడా ఆపేసి గుండె వినడం గొప్ప కాదంట. కల్లంలో, దగ్గుల మధ్య, ట్రాక్టరు మోతల మధ్య వినగలిగితేనే పల్లెటూళ్ళకి పనికొస్తుందంట. అందుకని మిరప కోసే ఆడవాళ్ళ గుండెలు రెండు వందలు వినాలని బయల్దేరారు. పక్క ఊళ్ళో ముప్పై అయ్యాయి.

మిషనుకి చెవులు ఎట్లా వస్తాయమ్మా అని వెటకారంగా అడిగాను.

ఆమె నా చేతిలో కాయలు చూసింది. అప్పటిదాకా నేను ఆడిస్తున్నవి. "మీకెట్లా వచ్చాయో అట్లాగేనండి. వినగా వినగా వస్తాయి" అంది.

ఆ మాటతో నన్ను పట్టేసింది. నా చొక్కా గుండీ విప్పించి, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా ఉన్న బిళ్ళ ఒకటి ఛాతీ మీద ఆనించి, గొట్టాలు నా చెవుల్లోనే పెట్టింది. నా గుండె నేను విన్నాను. లబ్ అని ఒకటి, డబ్ అని ఒకటి. దూరంగా ఎవరో వడ్లు దంచుతున్నట్టు ఉంది. అవి గుండెలో తలుపులు మూసుకునే చప్పుళ్ళని చెప్పింది. తలుపు సరిగా తెరుచుకోకపోతే నెత్తురు ఆ సందులోంచి ఒరుసుకుంటూ పోతుందంట. అప్పుడు రెండు చప్పుళ్ళ మధ్య ఖాళీలో ఇంకో మోత వినపడుతుందంట. మా పనంతా ఆ ఖాళీలోనే అంది.

"మరి నా ఖాళీలో ఏముందమ్మా?"

"ఏమీ లేదండీ. శుభ్రంగా ఖాళీగా ఉంది."

"ముప్పై ఏళ్ళ నుంచి నేను మొత్తుకునేది అదేనమ్మా" అంది కోటిరత్నం కుప్ప వెనక నుంచి.

కల్లమంతా నవ్వింది. మేస్త్రి అంకమ్మరావు అయితే కిందా మీదా పడ్డాడు. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. డాక్టరమ్మ నవ్వుతూనే ఆవిడ వైపు తిరిగి, మీరు కూడా చూపించుకోండమ్మా అంది. ఆవిడ చేతులు దులుపుకుని లేవబోయింది.

"ఆవిడ కూలి మనిషి కాదు. మా ఇంటావిడ. ఆవిడకేం రోగం లేదు" అన్నాను.

కోటిరత్నం మళ్ళీ కూర్చుంది. రంగు పోయిన తాలుకాయలు ఏరుకుంటూ ఉండిపోయింది.

మా వైపు కోత ముఠాల పద్ధతి ఒకటి చెప్పాలి. అంకమ్మరావు ముఠాలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. పొద్దున్నే ట్రాలీ ఆటో దిగగానే వరసగా పేర్లు పిలుస్తాడు. పిలిచిన పేరుకి ఎవరో ఒకరు 'ఆఁ' అనాలి. ఒంట్లో బాగాలేనామె తన చెల్లెల్నో తోటికోడల్నో పంపిస్తుంది. ఆ వచ్చినామె ఆ రోజంతా ఈమె పేరు మీదే పనిచేస్తుంది, ఈమె పేరుకే పలుకుతుంది. బదులు రావడం అంటాం. మా ప్రాంతంలో దాన్ని ఎవరూ మోసం అనుకోరు. సాలు ఖాళీగా ఉండకూడదు, అంతే. ఆ రోజు డాక్టరమ్మకి కూడా అంకమ్మరావు అదే వరసలో పేర్లు చెప్పాడు. ఒక్కో పేరుకి ఒక్కో నంబరు చీటీ. ఆడవాళ్ళకి చాటు కోసం పాకలో చీర కట్టి, లోపల నర్సు పిల్ల అఖిల మిషను పట్టుకుని కూర్చుంది. చీటీ ఇచ్చి మంచమ్మీద పడుకోవడమే. ఘాటుకి ఎవరూ తువ్వాలు విప్పలేదు.

నేను పట్టాలు తేవడానికి ఊళ్ళోకి పోయాను. ఆ రోజు మా చేనుకి తూర్పున గాని పడమర గాని నీళ్ళు తోడే ఇంజను ఏదీ ఆడటం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

పొద్దు వాలి, కూలి మనుషులు ఆటో ఎక్కి పోయాక కోటిరత్నం టీ కాచి తెచ్చి పక్కన కూర్చుంది. తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. ఒక సంగతి చెబితే తిట్టవుగా అంది. ముఠాలో మస్తాన్‌బీకి నలభై ఒకటో చీటీ వచ్చిందంట. ఏదన్నా జబ్బు బయటపడితే మేస్త్రి మళ్ళీ పనికి పిలవడని ఆమెకి భయం. వదినా, నా బదులు నువ్వు పడుకోవా అని చీటీ ఈవిడ చేతిలో పెట్టింది. ఈవిడ పడుకుంది.

"నర్సు పిల్ల ఎడమ పక్కకి తిరగమంది. అట్లా పడుకుంటే నాకు ఆయాసం వస్తది గదా. అయినా తిరిగా. నాకూ వినపించమ్మా అంటే గొట్టాలు చెవుల్లో పెట్టింది. నీది లబ్ డబ్ అన్నావే. నాది అట్లా లేదయ్యా. గట్టిగా రెండు కొట్టుకుని, టక్కుమంటది. ఆ టక్కు వెనకాల తిరగలి తిప్పినట్టు గుర్రుమంటది. తెల్లారగట్ట మా అమ్మ పక్క గదిలో మినుములు విసిరేది చూడు, అట్లా."

నర్సు ఏమందని అడిగాను.

"ఏమీ అనలా. రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టింది. మస్తాన్‌బీయే గదా అని అడిగింది. ఆఁ అన్నా."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం దేని మీదో ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు. తిరగలి సంగతి నా చెవిలో పడి పోయింది. కూలి మనిషి చీటీ పట్టుకుని వరసలో నిలబడిందన్నదే మిగిలింది. రెండెకరాల రైతు పెళ్ళానికి అదేం ఖర్మ అన్నాను. నలుగురూ ఏమనుకుంటారన్నాను. ఆవిడ టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ విన్నది.

"వేటపాలెంలో నేనూ కూలి మనిషినేగా" అంది చివరికి.

యార్డుకి సరుకు తోలాక ఒకసారి చూపిద్దాంలే అన్నాను. సరే అంది. అప్పటికి రెండేళ్ళ నుంచి మా ఊరి ఆర్‌ఎంపీ ఆవిడ దగ్గుకి సీసాలు ఇస్తూనే ఉన్నాడు. మిరప దగ్గు అన్నాడు. వాడిప్పటికీ ఊళ్ళో సీసాలు ఇస్తున్నాడు. వాడి గుమ్మం నేను తొక్కను.

ఇంకోటి కూడా ఉంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మంచం మీద ఒక గంట నడుం వాల్చేవాళ్ళం. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ ఎడమ పక్కకి ఒత్తిగిలి, మొహం నా వైపు పెట్టి పడుకునేది. ఆ ఏడు కుడి పక్కకి తిరిగింది. వీపు నా వైపు. తల కింద రెండు గోనెలు మడిచి పెట్టుకునేది. వేటపాలెంలో వాళ్ళ చెల్లెలు ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి కోతలు వదిలి రాలేమని నేను కబురు చేశాను. అందుకని అలిగి అటు తిరిగిందనుకున్నాను. అలిగితే అలగనీ అని నేనూ అటు తిరిగాను. నెల రోజులు అట్లా వీపూ వీపూ పెట్టుకుని పడుకున్నాం.

పది రోజులకి మస్తాన్‌బీకి గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. మీ గుండెలో ఏదో చప్పుడుంది, వెంటనే రావాలి, స్కానింగు తియ్యాలి అన్నారంట. ఆమె బిత్తరపోయి బదులు సంగతి చెప్పలేకపోయింది. చెబితే నా దగ్గర కోటిరత్నానికి మాట వస్తుందని కూడా భయపడింది. వాళ్ళే జీపు పంపిస్తే ఎక్కి పోయింది. తిరిగొచ్చి కల్లంలో అందరి మధ్యా నిలబడి చెప్పింది. బండి లాంటి మిషను కింద పడుకోబెట్టారంట, ఛాతీ మీద జిగురు పూశారంట, అంతా చూసి నీది ఇనుప గుండె అన్నారంట.

"ఇనుము కాబట్టే మా ఆయనతో ఇన్నేళ్ళు ఏగా" అంది. అందరూ నవ్వారు. అంకమ్మరావు, నువ్వు గుంటూరు పోయిన రెండు రోజులకీ ఇక్కడికి ఎవర్నన్నా బదులు పంపకపోయావా అన్నాడు. ఆమె నవ్వలేదు. కోటిరత్నం దగ్గరికి పోయి చెవిలో ఏదో అంది. ఆవిడ అడ్డంగా తల ఊపింది.

ఆ మర్నాడు డాక్టరమ్మే వచ్చింది.

ఆ రోజు నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. పొద్దుటి నుంచీ మబ్బు. పడమర చిలకలూరిపేట వైపు ఆకాశం నల్లగా దిగి ఉంది. ముప్పై టిక్కీల కాయ, అంటే ముప్పై బస్తాలు, పట్టాల మీద పరిచి ఉంది. ఒక్క జల్లు పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది. ఆడవాళ్ళు గబగబా తాలు ఏరుతున్నారు. డాక్టరమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఈసారి తుమ్మలేదు.

ఆ రికార్డు మస్తాన్‌బీది కాదని తనకి అనుమానంగా ఉందని చెప్పింది. ఎవరినీ ఏమీ అననంది.

"నలభై ఒకటో చీటీతో పడుకున్నది ఎవరో చెప్పండి చాలు. ఆమె గుండెలో ఒక తలుపు సన్నబడిపోయింది. మందులు మొదలుపెట్టాలి, తలుపు వెడల్పు చెయ్యాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చినవాళ్ళకి ఇట్లా అవుతుంది. మీలో అట్లా ఎవరికన్నా వచ్చిందా?"

చేతులన్నీ ఆగాయి.

పెళ్ళైన కొత్తలో కోటిరత్నం నాకొక సంగతి చెప్పింది. పదేళ్ళప్పుడు మోకాళ్ళూ మోచేతులూ వాచి, రెండు నెలలు షెడ్డుకి పోలేకపోయిందంట. వాళ్ళ నాన్న భుజాన ఎక్కించుకుని చీరాల ఆస్పత్రికి తిప్పాడంట. ఆ భుజం మీద నుంచి ఊరంతా చూశానని సంబరంగా చెప్పేది.

మస్తాన్‌బీ కోటిరత్నం వైపు చూసింది. కోటిరత్నం నా వైపు చూసింది. తువ్వాల్లోంచి రెండు కళ్ళే. తనంతట తను చెప్పదు. ఆ వేళ అట్లా చూసి, నాకు వదిలేసింది.

నేను ఆకాశం వంక చూశాను. నా చేతిలో కాయలున్నాయి. ఒకసారి ఆడించాను.

"ఆ రోజు పక్క పొలంలో ఇంజను ఆడతా ఉందమ్మా" అన్నాను. "ఆ చప్పుడై ఉంటది."

డాక్టరమ్మ నన్ను చూసింది. ఇంజనా అంది. ఆయిల్ ఇంజను, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడిందన్నాను. రైతు మాట కాదనలేక అంకమ్మరావు అవునమ్మా అన్నాడు. ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది. ఎవరికైనా ఆయాసం వస్తే ఫోన్ చెయ్యమని నంబరు కాగితాలు పంచి వెళ్ళిపోయింది. కోటిరత్నం తన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

ఎందుకట్లా అన్నావని నన్ను అడిగితే, ముప్పై టిక్కీల కాయ ఉంది, మబ్బు ఉంది అంటాను. నలుగురిలో నా మాట ఉందంటాను. ఇవన్నీ నిజమే. ఇంకోటి కూడా నిజం. నిజం చెబితే ఆవిడని ఆ క్షణమే జీపు ఎక్కించుకుని పోతారని నాకు భయం వేసింది. కల్లంలో నేనొక్కణ్ణే మిగులుతాననిపించింది.

సాయంత్రం చినుకులు మొదలైనప్పుడు కూలి మనుషులు లేరు. పట్టా చెరో కొస పట్టుకుని ఇద్దరం కుప్ప మీదికి లాగాం. నాలుగడుగులకొకసారి ఆవిడ ఆగుతోంది. పాకలో దూరేసరికి ఇద్దరం తడిసిపోయాం. ఆవిడ గుంజకి ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని నవ్వింది.

"ఇంజను యాడ ఆడిందయ్యా?"

యార్డుకి తోలిన మర్నాడే పోదాం, ఒట్టు అన్నాను.

"అట్నే. అట్నుంచి అటే వేటపాలెం కూడా పోదాం. దాని ఇల్లు చూడాలి."

ఆ వాన చూరు మీద పడుతున్నంతసేపూ పొయ్యి దగ్గర కూర్చుని రెండు మిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉప్పు అద్ది, పెరుగన్నంలోకి ఇచ్చింది. పొగకి ఇద్దరం దగ్గాం. నా బతుకులో బాగున్న సాయంత్రాలు లెక్కబెట్టమంటే అదొకటి ఉంటుంది. సిగ్గులేకుండా ఉంటుంది.

పన్నెండు రోజులు గడిచాయి. కాయ మళ్ళీ ఆరింది. ఎండెక్కితే కాయ విరుగుతుందని, తెల్లవారగానే మంచు పదునులో టిక్కీలు తొక్కుతాం. చివరి రోజు. కోటిరత్నం గంపతో కాయ అందిస్తోంది. గంప కింద పెట్టి టిక్కీ మీద కూర్చుంది. కూర్చున్న మనిషి ముందుకి వంగి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు ఆగలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నురుగు వచ్చింది. లేత ఎరుపు. తువ్వాలు మీద ఆ ఎరుపు చూసి నేను మిరప రంగనుకున్నాను. అందరి తువ్వాళ్ళకీ ఆ రంగే ఉంటుంది.

ఆటోలో పడుకోలేకపోయింది. నా భుజం పట్టుకుని కూర్చునే ఉంది. గుంటూరు యార్డు ముందు మిరప లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆటో అక్కడ ఇరుక్కుంది. అరగంట. డ్రైవరు దిగి లారీల వాళ్ళని తిట్టాడు. ఆవిడ ఏదో అనబోయింది గానీ మాటకి గాలి చాలలేదు. ఆ లారీల మధ్యనే పోయింది.

మూడో రోజు మస్తాన్‌బీ వచ్చి గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ రోజు నేను నోరు తెరవాల్సింది అన్నా. నువ్వు చెబుతావని చూశా" అంది.

మళ్ళీ మా కల్లానికి రాలేదు. ఆమె నన్ను క్షమించలేదు. నేను ఆమెని క్షమించలేదు. అంకమ్మరావుని మాన్పించి వేరే ముఠాని పెట్టుకున్నాను. ఆ ఏడు కాయకి యార్డులో అందరికంటే మంచి ధర వచ్చిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా ముందు చెప్పుకోరు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం డాక్టరమ్మ మళ్ళీ రావడం. రెండేళ్ళయింది. మొన్న మాఘమాసంలో, కోతలప్పుడే వచ్చింది. నేను కల్లంలో ఒక్కణ్ణే ఉన్నాను. నీలం గళ్ళ చొక్కా ఇప్పుడు నేనే వేసుకుంటున్నాను. జేబులో ఆ నంబరు కాగితం ఉంది. ఉతుకులకి అంకెలు పోయాయి.

కోటిరత్నం పోయిన సంగతి ఆమెకి తెలియదు. అసలు కోటిరత్నం ఎవరో కూడా గుర్తుండాల్సిన పని లేదు. మీరు కాయలు విని చెప్పే పెద్దాయన కదూ అని నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చుంది. మిషను దాదాపు తయారైందంట. కొన్ని పల్లెల్లో ఆస్పత్రులకి ఇచ్చి చూస్తున్నారంట. ఒక చోట మాత్రం చిక్కొచ్చింది. రెండు వందల రికార్డుల్లో నలభై ఒకటో నంబరు దాన్ని అది ప్రతిసారీ జబ్బు అనే చెబుతోంది. వీళ్ళు దాన్ని ఇంజను చప్పుడని రాసి పక్కన పెట్టారు. మస్తాన్‌బీ స్కానింగులో ఏమీ లేదు కాబట్టి మిషనుదే తప్పనుకున్నారు.

"ఆ తప్పు మళ్ళీ చెయ్యకుండా దానికి నేర్పాలండి. ఇట్లాంటి మోత వస్తే గుండె కాదు, ఇంజను అని. అందుకే వచ్చాను. ఆ రోజు ఆడిన ఇంజను ఎవరిదో చెబితే, దాని చప్పుడు రికార్డు చేసుకుని పోతాను."

అట్లా నేర్పితే అది ఇంకో కల్లంలో, ఇంకో తువ్వాలు కట్టుకున్న మనిషి ఛాతీ మీద కూర్చుని, ఇంజను అంటుంది. నేను అన్నమాటే అంటుంది.

ఒకసారి వినపించమన్నాను.

ఆమె గొట్టాలు నా చెవుల్లో పెట్టింది. ముందు కల్లం వినపడింది. దూరంగా ఎవరో దగ్గారు. కాయలు జారిన గరగర. తర్వాత గట్టిగా రెండు కొట్టుకున్నాయి. టక్కుమంది. ఆ టక్కు వెనకాల, పక్క గదిలో తెల్లారగట్ట ఎవరో మినుములు విసురుతున్నట్టు, తిరగలి తిరిగింది. మళ్ళీ రెండు. మళ్ళీ టక్కు. మళ్ళీ తిరగలి. ఆగకుండా, తొందరపడకుండా, నా పక్కన కూర్చుని పని చేసుకుంటున్నట్టు.

ఇరవై సెకన్లు అంతే ఉంది. ఇంకోసారి పెట్టమన్నాను. పెట్టింది. మూడోసారి కూడా పెట్టింది. అప్పటికి ఆమె నా మొహంలోకి చూస్తోంది.

గొట్టాలు తీసి ఆమె చేతికిచ్చాను.

"ఆ రోజు పక్క పొలంలో ఇంజను ఆడలేదమ్మా" అన్నాను. "రాసుకో. కోటిరత్నం. వయసు యాభై ఒకటి. పదేళ్ళప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది."